జర్మన్ స్కూల్లో ఇంగ్లీషు అసిస్టెంట్‌గా అక్టోబరు నుంచి: మొదటి నెల ఎలా సర్దుకోవాలి?

సింధు_డి

అందరికీ నమస్తే. యూకేలో డిగ్రీ చదువుతున్నాను, జర్మన్ ప్రధాన సబ్జెక్టు. మూడో ఏడు విదేశంలో ఉండాలి కాబట్టి అసిస్టెంట్ పోస్టుకు పెట్టుకున్నాను, నియామక పత్రం వచ్చింది. నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్రంలో, సావర్‌లాండ్ వైపు ఒక చిన్న ఊళ్ళో గిమ్నాజియం, అంటే యూనివర్సిటీ చదువుకు దారితీసే హైస్కూలు. అక్టోబరు 1 నుంచి మే 31 దాకా, వారానికి 12 పీరియడ్లు. నాది బ్రిటిష్ పాస్‌పోర్టు.

పత్రంలో నా పని గురించి రెండు వాక్యాలే ఉన్నాయి. తెలిసినవాళ్ళు ఈ నాలుగూ చెప్పగలరా?

గది, రిజిస్ట్రేషన్, బ్యాంకు... ఇవి ఏ వరసలో చేసుకోవాలి? క్లాసులో నేను చెయ్యగలిగింది ఏమిటి, చెయ్యకూడనిది ఏమిటి? 45 నిమిషాల్లో పిల్లల చేత నిజంగా మాట్లాడించడం ఎలా? నా ఇంటిపేరు చాలా పొడుగు, నా ఇంగ్లీషులో ఇంట్లో మాట్లాడే తెలుగు యాస కొంత ఉంది. ఇవి ఇబ్బంది పెడతాయా?

రైన్‌గట్టు

సింధు గారూ, అభినందనలు. కాగితాల సంగతి నేను చెబుతాను, క్లాసు సంగతి ఇక్కడ వేరేవాళ్ళకు బాగా తెలుసు.

జర్మనీలో ఒక కాగితం చేతికొస్తేనే ఇంకో కాగితం కదులుతుంది. అడ్రసు లేనిదే రిజిస్ట్రేషన్ లేదు. రిజిస్ట్రేషన్ పత్రం లేనిదే చాలా బ్యాంకులు ఖాతా తెరవవు. ఖాతా లేనిదే స్టైపెండ్ పడదు. అందుకని గది అన్నిటికన్నా ముందు.

చిన్న ఊళ్ళో అద్దె వెబ్‌సైట్లలో గదులు తక్కువగా కనిపిస్తాయి. స్కూల్లో మీకు ఒక మెంటార్ టీచర్‌ను కేటాయిస్తారు, ఆ పేరు తెలియగానే మెయిల్ రాయండి. స్టాఫ్‌రూమ్ నోటీసు బోర్డు మీద, తల్లిదండ్రుల సంఘంలో మీకు గది కావాలని ఒక చీటీ పెట్టమని అడగండి. సొంత ఇళ్ళున్నవాళ్ళు కింది అంతస్తునో, పెద్దపిల్లలు వెళ్ళిపోయాక ఖాళీ అయిన గదినో ఇస్తుంటారు. మొహమాటపడి అడగకుండా ఉంటే సెప్టెంబరు చివర్లో హోటల్లో దిగాల్సొస్తుంది. గది చూడకుండా, వీడియో కాల్ కూడా లేకుండా డబ్బు పంపమనేవాళ్ళకు ఒక్క యూరో పంపకండి.

అద్దె మాట్లాడేటప్పుడు అది కాల్ట్‌మీటెనా, వార్మ్‌మీటెనా అని అడగండి. మొదటిది ఉట్టి అద్దె. రెండోదాంట్లో హీటింగు, నీళ్ళు, చెత్త లాంటివి కలుస్తాయి. కరెంటు, ఇంటర్నెట్ చాలాసార్లు వార్మ్‌లోనూ ఉండవు, విడిగా అడగాలి. అడ్వాన్సు, అంటే కౌట్సియోన్, మూడు నెలల కాల్ట్‌మీటె దాటకూడదని చట్టం. దాన్ని మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు కూడా అద్దెకుండేవారికి ఉంది. ఈ సంగతి తెలియక చాలామంది మొత్తం ఒక్కసారే కట్టి మొదటి నెల గడవక ఇబ్బంది పడతారు.

గదిలో దిగిన రెండు వారాల్లోపు టౌన్‌హాల్లో ఆన్‌మెల్డుంగ్, అంటే అడ్రసు రిజిస్ట్రేషన్, చెయ్యాలి. పాస్‌పోర్టు, ఫారం, వీటితోపాటు మీరు ఆ ఇంట్లో దిగారని ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం, వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్, పట్టుకెళ్ళాలి. అద్దె ఒప్పందం దీనికి బదులు చెల్లదు, చాలామంది వెనక్కి తిరిగొచ్చేది ఇక్కడే. తాళంచెవులు తీసుకునే రోజే ఆ సంతకం కూడా తీసుకోండి. మీ రాష్ట్రంలో అక్టోబరులోనే రెండు వారాల శరదృతువు సెలవులు వస్తాయి. స్కూలు ఆఫీసులో మనిషి దొరకడు, సాయం చేసే టీచర్లు ఊళ్ళో ఉండరు. కాబట్టి టౌన్‌హాల్ అపాయింట్‌మెంటు సెలవులకు ముందే పడేలా ఆన్‌లైన్లో పట్టుకోండి.

పోస్టుపెట్టె మీద మీ పేరు అతికించారా లేదా చూసుకోండి. జర్మనీలో ఉత్తరం ఫ్లాట్ నంబరు చూసి రాదు, పెట్టె మీద పేరు చూసి వేస్తారు. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. బ్యాంకు కార్డు ఒక ఉత్తరంలో, పిన్ ఇంకో ఉత్తరంలో, 11 అంకెల పన్ను నంబరు మరో ఉత్తరంలో వస్తాయి. మీ పొడుగు ఇంటిపేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో ఒక్క అక్షరం తేడా లేకుండా అలాగే అతికించండి, ఇంటి యజమాని పేరు కూడా ఉంటే దాని కిందే.

రిజిస్టర్ అయ్యాక కొన్నాళ్ళకు రేడియో-టీవీ రుసుము ఉత్తరం తప్పకుండా వస్తుంది. ఇంటికి నెలకు 18.36 యూరోలు. మీకు టీవీ ఉందా లేదా అన్నది లెక్కలోకి రాదు. అయితే అది మనిషికి కాదు, ఇంటికి. నలుగురు కలిసి ఉండే ఇంట్లో ఒకరు కడుతుంటే వాళ్ళ నంబరు రాసి పంపితే సరిపోతుంది. జవాబు రాయకుండా ఊరుకుంటే మాత్రం బకాయి పేరుకుంటూ పోతుంది.

వీసా గురించి. బ్రిటన్, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా పాస్‌పోర్టులున్నవాళ్ళు వీసా లేకుండా వచ్చి, 90 రోజుల్లోపు స్థానిక విదేశీయుల కార్యాలయంలో నివాస అనుమతికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ దేశంలోకి రావడం వేరు, పని చెయ్యడం వేరు. అనుమతి చేతికి రాకముందు పని మొదలుపెట్టే హక్కు లేదు. అపాయింట్‌మెంటే వారాల తర్వాత దొరికితే మీ అక్టోబరు పోయినట్టే. మిమ్మల్ని పంపే సంస్థా, జర్మనీ వైపు నుంచి ఈ అసిస్టెంట్ల కార్యక్రమం చూసే బాన్‌లోని పి.ఎ.డి. ఇచ్చే సూచనల్లో వీసా పేజీని రెండుసార్లు చదవండి. బయల్దేరే ముందే అనుమతి తెచ్చుకునే దారి ఉంటే ఆ దారే మేలు. ఇది చదివే వేరేవాళ్ళ కోసం: ఇండియా పాస్‌పోర్టు అయితే ఈ సౌకర్యం లేదు, బయల్దేరే ముందే డి-రకం నేషనల్ వీసా తీసుకోవాలి.

ఇంకొకటి, తట్టు టీకా. 2020 మార్చి నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం 1970 తర్వాత పుట్టినవాళ్ళు స్కూల్లో పనిచెయ్యాలంటే రెండు డోసుల రుజువో, రోగనిరోధక శక్తి ఉందని డాక్టరిచ్చిన కాగితమో చూపించాలి. చూపించకపోతే హెడ్‌మాస్టరు మిమ్మల్ని పనిలో పెట్టుకోకూడదు. మీ క్లినిక్ నుంచి రెండు తేదీలూ ఉన్న ప్రింటు ఇప్పుడే తీసుకోండి. చిన్నప్పటి కార్డు పోయినవాళ్ళు రక్తపరీక్షతో యాంటీబాడీలు చూపించవచ్చు, లేదా మళ్ళీ టీకా వేయించుకోవచ్చు. రెండు డోసుల మధ్య కనీసం నాలుగు వారాలు కావాలి కాబట్టి సెప్టెంబరులో మొదలుపెడితే ఆలస్యం అవుతుంది.

మొదటి స్టైపెండ్ పడేదాకా అద్దె, అడ్వాన్సు మొదటి వాయిదా, తిండి, ప్రయాణం అన్నీ చేతి డబ్బుతోనే. రెండు నెలల ఖర్చు దగ్గర పెట్టుకుని రండి. దేశమంతా లోకల్ రైళ్ళు, బస్సులకు పనికొచ్చే డాయిచ్‌లాండ్‌టికెట్ 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. అది చందా పద్ధతి. వచ్చే నెల వద్దనుకుంటే ఈ నెల 10వ తేదీలోపు రద్దు చెయ్యాలి, మర్చిపోతే ఇంకో నెల డబ్బు పోతుంది.

తెల్లసుద్ద

రైన్‌గట్టు గారు కాగితాలు పూర్తిగా చెప్పేశారు. నేను క్లాసు సంగతికొస్తాను.

మీరు టీచరు కారు, అతిథి కూడా కారు. మీ వల్ల స్కూలుకు దక్కేది ఒక్కటే: పిల్లలు నోరు తెరిచి ఇంగ్లీషు మాట్లాడే నిమిషాలు. 28 మంది ఉన్న క్లాసులో 45 నిమిషాల పీరియడ్లో ఒక్కో పిల్లాడికి మాట్లాడే సమయం నిమిషం కూడా రాదు. మీరు ఎనిమిదిమందిని విడిగా తీసుకుంటే ఆ పిల్లాడే నాలుగైదు నిమిషాలు మాట్లాడతాడు. ఏ పని ఒప్పుకోవాలి, ఏది సున్నితంగా తప్పించుకోవాలి అన్నది ఈ లెక్కతో చూసుకోండి. వెనక బెంచీలో కూర్చుని, మధ్యమధ్య ‘ఇక్కడ ఏ ప్రిపోజిషన్?’ అంటే జవాబు చెప్పే పని వారాల తరబడి సాగితే ఎవరికీ లాభం లేదు.

మొదటి రెండు వారాలు వేర్వేరు టీచర్ల క్లాసుల్లో కూర్చుని చూడండి. ఊరికే చూడకుండా ప్రతి క్లాసుకు అర పేజీ రాసుకోండి. ఎంతమంది, పుస్తకంలో ఏ అధ్యాయం, ఎవరు ఎప్పుడూ చెయ్యెత్తుతారు, ఎవరు అసలు ఎత్తరు, టీచర్ నిశ్శబ్దం కోసం ఏం చేస్తారు. చివరిది చాలా అవసరం. కొందరు చెయ్యి పైకెత్తి నిలబడతారు, కొందరు చిన్న గంట మోగిస్తారు. మీరూ అదే వాడాలి. కొత్త సంకేతం కనిపెడితే పిల్లలకు అర్థమయ్యేసరికి పీరియడు అయిపోతుంది.

తర్వాత మెంటార్ టీచర్‌తో కూర్చుని టైంటేబుల్ ఖాయం చేసుకోండి. ఇక్కడ మూడు విషయాలు గట్టిగా అడగాలి. ఒకటి, 12 పీరియడ్లు ముగ్గురు నలుగురు టీచర్ల దగ్గరే ఉండాలి. ఎనిమిదిమంది దగ్గరికి చీలిపోతే ఎవరితోనూ కలిసి పాఠం ఆలోచించుకునే వీలుండదు. రెండు, వీలైతే నాలుగు రోజుల్లో సర్దాలి. పొద్దున మొదటి పీరియడు ఒకటి, మధ్యాహ్నం ఎనిమిదోది ఒకటి పడితే రోజంతా స్టాఫ్‌రూమ్‌లోనే గడుస్తుంది. బస్సులు తక్కువున్న ఊళ్ళో ఇది మరీ కష్టం. మూడు, ఎక్కడైతే 90 నిమిషాల డబుల్ పీరియడ్లు ఉన్నాయో అవి అడగండి. గుంపుల్ని మార్చి మార్చి తీసుకోవడానికి వాటిలోనే వెసులుబాటు ఉంటుంది.

చెయ్యకూడనివి: మార్కులు వెయ్యడం, పరీక్ష పేపర్లు దిద్దడం, రాని టీచర్ బదులు క్లాసు పట్టడం, విరామంలో పిల్లల్ని కాపలా కాయడం. పిల్లల మీద పర్యవేక్షణ బాధ్యత చట్టప్రకారం టీచర్‌దే. ఎప్పుడైనా ఆఫీసు నుంచి ‘ఈ ఒక్క పీరియడు మీరు క్లాసు చూసుకోండి’ అని అడిగితే, ‘ఎవరి బాధ్యత మీద అని మెంటార్‌ను ఒకసారి అడిగి చెబుతాను’ అనండి. అది అమర్యాద కాదు. పిల్లల ఫోటోలు మీ ఫోన్లో తియ్యకండి, స్కూలు పండగైనా సరే. వాళ్ళను వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో చేర్చుకోకండి. పై క్లాసు పిల్లలకు మీకన్నా రెండు మూడేళ్ళే తక్కువ ఉంటాయి. ఆ దూరం మీరే కాపాడుకోవాలి, వాళ్ళు కాపాడరు.

ఒంట్లో బాగాలేకపోతే మొదటి పీరియడుకు ముందే ఆఫీసుకు ఫోన్ చెయ్యాలి, ఆ నంబరు మొదటి రోజే ఫోన్లో పెట్టుకోండి. మెంటార్‌కు మెసేజి పెడితే సరిపోదు. ఆ రోజు మార్పులపట్టికను తయారుచేసేది ఆఫీసు, మెంటార్ కాదు. ఆ పట్టికను, దాన్ని ఫెర్‌ట్రేటుంగ్స్‌ప్లాన్ అంటారు, రోజూ పొద్దున చూసుకోవాలి. మీ టీచర్ సెలవులో ఉంటే మీ పీరియడు రద్దయి ఉంటుంది, అది మీకు ఎవరూ విడిగా చెప్పరు.

మార్కుల గురించి ఒక్క మాట, పొరపాటు పడకుండా: 1 అన్నిటికన్నా మంచిది, 6 అన్నిటికన్నా తక్కువ. చివరి రెండేళ్ళలో మాత్రం 15 నుంచి 0 దాకా పాయింట్లు, అక్కడ 15 మంచిది. పిల్లాడు దిగాలుగా ‘నాకు నాలుగొచ్చింది’ అంటే ‘బాగుంది’ అనేయకండి.

గడియారం_బల్ల

తెల్లసుద్ద గారు చెప్పినవాటితో చాలావరకు ఏకీభవిస్తాను. బాధ్యత సంగతిలో మాత్రం ఒక సవరణ. అది విని కొత్తవాళ్ళు ‘టీచర్ గదిలో లేకుండా పిల్లలతో ఉండనే కూడదు’ అనుకుని భయపడుతుంటారు. చిన్న గుంపును పక్క గదికి తీసుకెళ్ళడం మామూలే, టీచర్ ఆ పని అప్పగించి, పిలిస్తే అందేంత దగ్గర్లో ఉంటే చాలు. తలుపు తెరిచి ఉంచండి, ఎవరెవరు వచ్చారో చీటీ మీద పేర్లు రాసుకోండి, పీరియడు మధ్యలో ఎవరినీ ఒంటరిగా బయటికి పంపకండి. మొత్తం క్లాసును రోజూ ఒంటరిగా పట్టమంటే అది వేరే సంగతి, దానికి తెల్లసుద్ద గారి సలహాయే సరి.

మీ రాష్ట్రానికి ప్రత్యేకమైనది ఒకటుంది, దాన్ని గట్టిగా పట్టుకోండి. నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియాలో పై క్లాసుల్లో ఇంగ్లీషు రాతపరీక్ష ఒకదాని స్థానంలో మౌఖిక పరీక్ష పెడతారు. పిల్లలు ఇద్దరిద్దరుగానో ముగ్గురుగానో వస్తారు. మొదట ఒక్కొక్కరు ఒక బొమ్మో, కార్టూనో, చిన్న పాఠ్యభాగమో చూసి సొంతంగా మాట్లాడాలి. తర్వాత ఒక సమస్య మీద ఒకరితో ఒకరు వాదించాలి. మార్కులు టీచర్లు వేస్తారు, మీరు వెయ్యరు. కానీ దానికి ముందు అభ్యాసం చేయించడానికి స్కూలు మొత్తంలో మీకన్నా తగినవారు లేరు. పరీక్ష ఏ వారంలో ఉందో అక్టోబరులోనే అడిగి తెలుసుకోండి. అంతకు ముందు నాలుగు వారాలు ఆ క్లాసును మీకే ఇవ్వమని చెప్పండి.

అభ్యాసం ఇలా పెట్టుకోవచ్చు. ముగ్గురిని పిలవండి, పది నిమిషాలు సిద్ధం కానివ్వండి, తలా మూడు నిమిషాలు ఒంటరిగా మాట్లాడించి తర్వాత ఎనిమిది నిమిషాలు చర్చకు వదలండి. ఆ ఎనిమిది నిమిషాల్లో మీరు నోరు విప్పకండి. జర్మన్ పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఒక్కొక్కరు బట్టీపట్టిన చిన్న ఉపన్యాసం చెప్పేసి ఆగిపోతారు, పక్కవాడు అన్నదాన్ని పట్టుకోరు. అందుకని ప్రతి ఒక్కరికి మూడు చీటీలు ఇవ్వండి: పక్కవారి మాటను తిరగ్గొట్టేది, వివరం అడిగేది, మూడో మనిషిని చర్చలోకి లాగేది. చర్చ అయ్యేలోపు మూడూ వాడి బల్ల మీద పెట్టాలి. రెండో వారానికి చీటీలు లేకుండానే అలవాటు పడతారు.

ఇంకో అంశం ష్ప్రాఖ్‌మిట్‌లుంగ్. జర్మన్ వ్యాసం ఇచ్చి, దాంట్లో అవసరమైన సంగతులు మాత్రమే ఇంగ్లీషులో ఫలానా వ్యక్తికి మెయిల్‌గానో, మాటలుగానో చెప్పమంటారు. ఇది అనువాదం కాదు. వాక్యం వాక్యం తిప్పినవారికి మార్కులు పోతాయి. మీరు జర్మన్ రాని స్నేహితురాలిలా నటించి ‘నాకు ఇంతకీ టికెట్టు కొనాలా వద్దా?’ అని అడిగితే, పిల్లలకు ఏది చెప్పాలో ఏది వదలాలో వెంటనే తెలుస్తుంది.

సింధు_డి

అందరికీ చాలా చాలా థాంక్స్. గది కోసం మెంటార్ టీచర్‌కు ఈ రోజే రాస్తాను. రెండు సందేహాలు మిగిలాయి. ఏడు, ఎనిమిది క్లాసుల పిల్లలు ప్రశ్న వేస్తే అసలు మాట్లాడరని విన్నాను, అప్పుడేం చెయ్యాలి? నాకు జర్మన్ వచ్చని వాళ్ళకు తెలియనివ్వచ్చా? అలాగే యాస, పేరు గురించి కూడా...

తెల్లసుద్ద

మౌనానికి కారణం చాలావరకు ప్రశ్నే. ‘వారాంతం ఎలా గడిచింది?’ అంటే పదమూడేళ్ళ పిల్లాడు తోటివాళ్ళ ముందు తన జీవితం గురించి చెప్పాలి, అది కూడా తప్పుల ఇంగ్లీషులో. ఎందుకు చెబుతాడు? మాట్లాడితే తప్ప పని జరగని పరిస్థితి కల్పించాలి. ఇద్దరికీ చెరో బొమ్మ ఇవ్వండి, ఎనిమిది తేడాలతో. ఒకరిది ఒకరు చూడకుండా అడిగి కనుక్కోవాలి. లేదా రైళ్ళ పట్టిక సగం ఒకరి దగ్గర, సగం ఇంకొకరి దగ్గర. వాళ్ళ దృష్టి భాష మీంచి పని మీదికి పోతుంది, నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

ఎనిమిదిమందికి 20 నిమిషాల పని ఇలా సాగుతుంది. మూడు నిమిషాలు తేలిక ప్రశ్నలు, అవును-కాదు జవాబులు చాలు. ఒక నిమిషం పూర్తి నిశ్శబ్దం, నాలుగు మాటలు కాగితం మీద రాసుకుంటారు. ఈ ఒక్క నిమిషాన్ని ఎప్పుడూ కొయ్యకండి, నెమ్మదస్తులకు ఆధారం అదే. తర్వాత పది నిమిషాలు జంటల్లో తేడాల ఆట. జంట మార్చి నాలుగు నిమిషాలు మళ్ళీ. చివరి రెండు నిమిషాలు తప్పులు. ఒక పీరియడ్లో ఇలాంటి గుంపులు రెండు పడతాయి, మిగిలిన అయిదు నిమిషాలు నడకకు, కుర్చీలు జరపడానికి పోతాయి. మూడు గుంపులు పెట్టాలని చూడకండి, ఏదీ పూర్తికాదు.

టాండెమ్‌బోగెన్ అని జర్మన్ టీచర్లు బాగా వాడే కాగితం ఒకటుంది, చేసుకోవడం నేర్చుకోండి. ఏ4 కాగితాన్ని నిలువుగా సగానికి మడవాలి. ఎడమవైపు మొదటి పిల్లాడు చెప్పాల్సిన వాక్యానికి ప్రశ్న, కుడివైపు అదే వరసలో దాని సరైన జవాబు రెండో పిల్లాడికి కనపడేలా. కింది వరసలో తలకిందులు. పది వరసలు చాలు. ఇద్దరూ మడిచిన కాగితాన్ని మధ్యలో నిలబెట్టి, ఒకరి జవాబు ఒకరు సరిచూసుకుంటారు, మీరు దిద్దక్కర్లేదు. వరసలు ముందూ వెనకా ఒకే ఎత్తులో లేకపోతే మొత్తం గందరగోళమే కాబట్టి ఒక్క కాపీ తీసి మడిచి చూసి ఆ తర్వాత మిగతావి తియ్యండి. కాపీలు ముందు రోజు మధ్యాహ్నమే తీసిపెట్టుకోండి. పొద్దున మొదటి పీరియడుకు ముందు కాపీ మెషీను దగ్గర టీచర్లందరూ వరస కడతారు. మెషీను కోడ్ ఆఫీసులో ఇస్తారు.

మాట్లాడుతుండగా మధ్యలో దిద్దకండి. చిన్న చీటీ మీద రాసుకుని, చివర్లో మూడే మూడు తప్పులు, ఎవరివో చెప్పకుండా, బోర్డు మీద రాసి వాళ్ళనే సరిచెయ్యమనండి. జర్మన్ పిల్లల తప్పులు ముందే ఊహించవచ్చు. ‘నాకు కొత్త ఫోను వస్తుంది’ అనడానికి బికమ్ వాడతారు, ఎందుకంటే జర్మన్‌లో బెకొమెన్ అంటే దొరకడం. ‘నువ్వు రానక్కర్లేదు’ అనబోయి మస్ట్ నాట్ అంటారు, అది ‘రాకూడదు’ అయిపోతుంది. మూడేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను అనడానికి సిన్స్ త్రీ ఇయర్స్ అంటారు, పైగా క్రియ వర్తమానంలో. పదం చివర బ, డ, గ శబ్దాలు ప, ట, క అయిపోతాయి, బ్యాగ్ కాస్తా బ్యాక్ అవుతుంది. ఈ నాలుగిటికి నాలుగు చిన్న ఆటలు సిద్ధం చేసుకుంటే ఏడాదంతా పనికొస్తాయి.

జర్మన్ వచ్చని దాచలేరు. స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర ఒక్కసారి వింటే స్కూలంతా తెలిసిపోతుంది. దాచొద్దు, కానీ గుంపులో ఉన్నంతసేపు మీ జవాబు ఇంగ్లీషులోనే ఉండాలి. వాళ్ళు జర్మన్‌లో అడిగినా సరే, కోప్పడకుండా ఇంగ్లీషులో జవాబు చెప్పి ముందుకు పొండి. ఒక్కసారి మీరు జర్మన్‌లోకి మారితే ఆ గుంపుతో మళ్ళీ ఇంగ్లీషుకు రావడం చాలా కష్టం. దెబ్బ తగిలినా, ఏడుస్తున్నా, ప్రమాదం ఉన్నా మాత్రం వెంటనే జర్మన్‌లోనే మాట్లాడండి.

గడియారం_బల్ల

యాస గురించి. తెలుగు యాస తప్పు కాదు, పిల్లలకు రకరకాల ఇంగ్లీషులు వినిపించడం కూడా పాఠంలో భాగమే. ఒక్క చోట మాత్రం జాగ్రత్తపడాలి. మన ‘వ’ ఒకటే. వెస్ట్ అని రాస్తే లోపల తొడిగే బనియనా, పడమరా అన్నది మన లిపిలో తెలియదు, చాలామంది తెలుగువారి నోట్లోనూ తెలియదు. జర్మన్ పిల్లలకూ సరిగ్గా అక్కడే చిక్కు. వాళ్ళ లిపిలో డబ్ల్యూ అక్షరాన్ని వి శబ్దంతో చదువుతారు, దాన్ని సరిచేసుకోబోయి విలేజ్‌ను కూడా డబ్ల్యూతో పలుకుతారు. మీరు నమూనాగా పలికేటప్పుడు ఒకదానికి పైపళ్ళు కింది పెదవిని తాకాలి, రెండోదానికి పెదవులు గుండ్రంగా ముందుకు రావాలి, పళ్ళు తగలకూడదు. అద్దం ముందు వారం రోజులు సాధన చేస్తే కుదురుతుంది. అలాగే థ్యాంక్, దిస్ లాంటి పదాల్లో మనం పళ్ళ వెనక నాలుక ఆనించి ఆపేస్తాం, ఇంగ్లీషులో గాలి ఆగకూడదు. జర్మన్ పిల్లలు అక్కడ స, జ అంటారు. వాళ్ళ తప్పు దిద్దేటప్పుడు మీ శబ్దం వాళ్ళు గమనిస్తారు.

పేరు గురించి మొదటి వారంలోనే మెంటార్‌తో మాట్లాడి ఒక్కటి ఖాయం చెయ్యండి. టీచర్లను పిల్లలు ఫ్రావు (ఆడవాళ్ళకు) లేదా హెర్ (మగవాళ్ళకు) చేర్చి ఇంటిపేరుతో పిలుస్తారు. అసిస్టెంట్లను కొన్ని స్కూళ్ళలో మొదటి పేరుతో పిలవనిస్తారు. మీ వయసు చూస్తే ఫ్రావు, ఇంటిపేరు అన్నదే నేను సూచిస్తాను. పొడుగైతే మొదటి క్లాసులో బోర్డు మీద అక్షర భాగాలుగా విడగొట్టి రాసి మూడుసార్లు పలికించండి, రెండు నిమిషాల పని. కుదించి వేరే పేరు పెట్టుకోనక్కర్లేదు. స్టాఫ్‌రూమ్‌లో టీచర్లు చాలామంది తమలో తాము డు, అంటే ‘నువ్వు’, అనుకుంటారు. మీకు వాళ్ళే చెప్పేదాకా జీ, అంటే ‘మీరు’, వాడండి, హెడ్‌మాస్టరుకు ఎప్పుడూ జీయే.

మీ కుటుంబ నేపథ్యం పై క్లాసులకు ఉపయోగపడే పాఠం కూడా. బ్రిటన్‌లో వలస కుటుంబాలు, బహుళ సంస్కృతులు అన్న అంశం వచ్చినప్పుడు మీరు వాదం గెలిపించే పని పెట్టుకోకండి. రెండు మూడు ప్రకటనలు, ఒక జనాభా పట్టిక, ఒక వార్తా శీర్షిక తెచ్చి ముందు పెట్టండి, ప్రశ్నలు పిల్లలను తయారుచెయ్యనివ్వండి. ఏ ఏడాదికి ఏ అంశాలు నిర్దేశించారో టీచర్‌ను అడిగితే పట్టిక ఇస్తారు, దాని ప్రకారమే సామగ్రి యూకే నుంచి తెచ్చుకోండి. సూపర్‌మార్కెట్ కరపత్రాలు, బస్సు టైంటేబుళ్ళు, యూనివర్సిటీ బ్రోషర్లు, స్థానిక పత్రికలు లాంటి కాగితపు వస్తువులు అక్కడ దొరకవు. ఒక్కోటి పది కాపీలు తెస్తే ఒక గుంపుకు సరిపోతుంది.

రైన్‌గట్టు

ఒక్కటి చేరుస్తాను, ఎవరూ అనలేదు. మీ 12 పీరియడ్లలో ఆఖరి ఏడాది పిల్లలవి మూడో నాలుగో ఉంటే, ఈస్టర్ సెలవుల నాటికి వాళ్ళ క్లాసులు ఆగిపోతాయి, ఆబిటూర్ అనే స్కూలు ముగింపు పరీక్షలు మొదలవుతాయి. టీచర్లు మౌఖిక పరీక్షల్లో, దిద్దడంలో మునిగిపోతారు. మీ టైంటేబుల్లో ఆ గళ్ళు ఖాళీగా మిగిలిపోతాయి. గంటలు తగ్గడం హాయిగానే అనిపించినా, మీరు రావలసింది మే 31 దాకా 12 పీరియడ్లు. ఫిబ్రవరి చివర్లోనే మెంటార్‌తో మాట్లాడి ఆ పీరియడ్లను అయిదో, ఆరో క్లాసులకో, వచ్చే ఏడాది మౌఖిక పరీక్ష రాయబోయే పిల్లలకో మార్పించుకోండి. స్టాఫ్‌రూమ్‌లో ఒక కాగితం పెట్టి, ఏ రోజు ఏ పీరియడు మీరు ఖాళీయో రాస్తే, అవసరమున్న టీచర్లు పేరు రాసుకుంటారు. సైన్సు, భూగోళం ఇంగ్లీషులో చెప్పే ద్విభాషా క్లాసులు మీ స్కూల్లో ఉంటే ఆ టీచర్లను ముందు అడగండి, ఆ సబ్జెక్టుల్లో మాట్లాడించే మనిషి కోసం వాళ్ళు ఏడాదంతా చూస్తుంటారు.